పెద్దనాయనకు మెత్తటి అంచు వద్దు

"ఆ ముసలోడు ఎవడో కాదు మామా. మీ బావే."

నిన్న సాయంత్రం నోటికి రాని జవాబు ఇది. ఇంటినిండా చుట్టాలున్నారు. అందరి ముందూ మామ నా ఫోన్ లాక్కుని, నేను చేసిన ఫోటో చూసి, "మా బావ ఫోటో పెట్టమంటే యాడి నుంచో ఎవడో ముసలోణ్ణి తెచ్చి మా అక్క పక్కన నిలబెట్టినావేందిరా! అదీ అంటించినట్టు, ఎలక్షన్ ఫ్లెక్సీ మాదిరి. రెండు నిమిషాల పని గదా. ఇద్దర్నీ మెత్తగా కలిపెయ్యి, ఇద్దరికీ దండెయ్యి, ఐపాయె" అన్నాడు. నేను ఫోన్ తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ ఊపులో ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో చెప్పు వేసుకొచ్చానని ఆటో దిగాక చూసుకున్నాను.

పోయిన వారం మా పెద్దమ్మ, అంటే ఈ మామ వాళ్ళ అక్క, చనిపోయింది. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఈ చుట్టుపక్కల మీ ఇంట్లో పెళ్ళి జరిగి ఉంటే, ఆమె చేసిన ఆల్బమ్ మీ బీరువాలో ఉండే ఉంటుంది. నాకు రక్తసంబంధం కాదు. నేను పెద్దమ్మా అని పిలిచాను, ఆమె ఏరా అని పలికింది, అంతే. ఆ రోజు పొద్దున షట్టర్ ఎత్తి, ముందర నీళ్ళు చల్లి, కుర్చీలో కూర్చుని, పక్కనున్న టీ కొట్టాయనను పిలిచి "ఎడమ చెయ్యి గుంజుతాంది" అందట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

కబురు వచ్చినప్పుడు నేను తర్లుపాడులో పెళ్ళి తీస్తున్నాను. తలంబ్రాలు నడుస్తున్నాయి. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తలంబ్రాలప్పుడు కెమెరా దించకూడదు, అది మళ్ళీ రాదు. పెళ్ళికొడుకు బియ్యం పోస్తున్నాడు, పెళ్ళికూతురు దోసిలి ఎత్తుతోంది, అందరూ అరుస్తున్నారు, నేను తీస్తూనే ఉన్నాను. అయ్యాక పందిరి వెనక పొయ్యిల దగ్గరికి పోయి ఫోన్ ఎత్తితే టీ కొట్టాయన చెప్పాడు. తర్వాత మళ్ళీ పందిట్లోకి వచ్చి అప్పగింతలు కూడా తీశాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ఆ సాయంత్రం బస్సులో వస్తుంటే జేబులో మెమరీ కార్డు తగులుతూ ఉంది. ఏ పెళ్ళి నుంచి వచ్చినా ముందు ఆ కార్డు పెద్దమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. ఆమె దాన్ని చీర కొంగుతో తుడిచి "ఎంతమంది ఏడ్చినార్రా?" అని అడిగేది. అప్పగింతల్లో ఏడ్చినవాళ్ళ లెక్క. వాళ్ళలో ఒక్కరు ఆల్బమ్‌లో తప్పిపోయినా షాపు మీదికి వస్తారని. ఆ కార్డు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నా దగ్గరే ఉంది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, బెంగళూరు హోటల్లో కొన్నాళ్ళు, బోర్లు వేసే లారీ మీద కొన్నాళ్ళు. ఎక్కడా నిలకడ లేదు. ఫోటోలు తియ్యడం ఆ తిరుగుళ్ళలోనే వచ్చింది. పెద్దమ్మ షాపుకు పెళ్ళిళ్ళు తీసిపెట్టేవాణ్ణి, మధ్యలో ఎటో పోయేవాణ్ణి, మళ్ళీ వచ్చేవాణ్ణి. వచ్చిన రోజు ఆమె ఎక్కడికి పోయావని అడిగేది కాదు. కుర్చీ కొంచెం జరిపి, "ఈ పెండ్లికొడుకు చెవి సగం తెగింది చూడు, ఎట్ల అతికియ్యాల్నో" అనేది. నేను ముందురోజు సాయంత్రం పోయి పొద్దున్నే వచ్చినట్టు. అట్లా నన్ను లోపలికి రానిచ్చిన మనిషి ఇంకెవరూ లేరు.

ఆమె పని మీకు చెప్పాలి. పెళ్ళి ఆల్బమ్‌లో ఒక్కో పేజీ మీద నాలుగైదు ఫోటోలు ఉంటాయి కదా, ఒకటి ఎక్కడ ఆగిందో ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా మంచులో కలిసినట్టు ఉంటాయి. మామూలుగా ఫోటోను కత్తిరిస్తే అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆ అంచును సిస్టంలో మెత్తబరుస్తాం. ఫెదర్ అంటాం. అంకె పెంచేకొద్దీ మనిషి పక్క బొమ్మలోకి కరిగిపోతాడు. చెయ్యడం అందరికీ వచ్చు. ఎవరికి చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు అన్న దగ్గరే పెద్దమ్మ పట్టుదల.

మా వైపు ఒక అలవాటు ఉంది. పెళ్ళికి ముందే తండ్రో తల్లో పోయి ఉంటే, వాళ్ళను కూడా ఆల్బమ్‌లో పెట్టించుకుంటారు. రేషన్ కార్డు మీదిదో, ఆధార్ మీదిదో, ఎక్కడో గుంపులో నిలబడ్డదో ఒక ఫోటో తెస్తారు. "మా నాయన కూడా ఉండాల" అంటారు. పెద్దమ్మ ఆ మొహాన్ని తీసుకుని, పెళ్ళికూతురి వెనక, పైన, పువ్వుల మధ్య మెత్తటి అంచుతో పెట్టేది. పందిట్లో నిలబడిన బతికున్నవాళ్ళు మాత్రం ఎంత చిన్నగా ఉన్నా గీత గీసినట్టు ఉండాలి. "ఉన్నోళ్లకు గీత ఉండాల్రా. పోయినోళ్లకు గీత ఉండగూడదు" అనేది. పేజీ తిప్పగానే ఎవరు ఉన్నారో, ఎవరు లేరో చూసేవాళ్ళకు తెలిసిపోవాలి.

ఒకసారి రాచర్ల నుంచి ఒక అవ్వ కర్ర పట్టుకుని ఆటో దిగి షాపులోకి వచ్చింది. చంకలో ఆల్బమ్. వేరే ఎక్కడో చేయించింది. వాళ్ళెవరో అందం కోసం అవ్వను కూడా మెత్తబరిచి, పైన మేఘం పక్కన పెట్టారు.

"ఏందమ్మా ఇది? నన్ను పొగలో పెట్టినారు!" అని ఆల్బమ్ బల్ల మీద పడేసింది.

"అందంగానే ఉన్నావు గదవ్వా" అన్నాను నేను.

"నీ అందం తగలబడ! మా వియ్యపురాలు ఫోన్ చేసి ఎప్పుడు పోయిందని అడిగింది, ఫోన్ ఎత్తింది నేనే! మనవరాలి పెండ్లిలో మూడు లడ్లు తిన్నా. పొగలో ఉన్నోళ్లు లడ్లు తింటారా?"

పెద్దమ్మ నవ్వు ఆపుకుంటూ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టింది. కొత్తగా ఫోటో తీసి, ఆ పేజీ మొత్తం మళ్ళీ చేసి, అవ్వను కిందికి దించి పెళ్ళికూతురి పక్కన నిలబెట్టింది. అంచు ఎంత గట్టిగా కత్తిరించిందంటే అవ్వ పైట మీది చెమ్కీలు కూడా లెక్కపెట్టొచ్చు. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి "ఆఁ, ఇప్పుడు బతికినా" అని వెళ్ళిపోయింది.

పని చేసేటప్పుడు నన్ను మాట్లాడనిచ్చేది కాదు. "గమ్మునుండురా, మొగం కోస్తున్నా" అనేది. ఇద్దరిని ఒక చోట కలిపేటప్పుడు మొదట వెలుతురు చూడమనేది. "ఒకరి మీద ఎండ ఇటు నుంచి, ఇంకొకరి మీద అటు నుంచి పడితే, పక్కపక్కన పెట్టినా వాళ్లు ఒక్క చోట ఉన్నట్టు ఉండర్రా." నేను ఇప్పటికీ ఏ ఫోటో చూసినా ముందు నీడ ఎటు పడిందో చూస్తాను. మనుషులను తర్వాత చూస్తాను.

ఇక పెద్దనాయన సంగతి. ఆ స్టూడియో మొదట ఆయనది. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. రోల్ కెమెరాల రోజుల్లో ఒక పొద్దున, ఫిల్మ్ రోల్స్ తెస్తానని గుంటూరు బండెక్కాడు. తిరిగి రాలేదు. గొడవ లేదు, అప్పు లేదు, జబ్బు లేదు. రాత్రి బండికి వస్తా, వంకాయ చెయ్యి అని చెప్పి పోయాడట. మామ అప్పుడు కుర్రవాడు. బావ ఫోటో ఒకటి చేతిలో పట్టుకుని ఈ లైను మీదున్న ప్రతి స్టేషన్ దిగాడు. ఆసుపత్రుల్లో, ఎవరూ అడగని శవాలను పెట్టే గదుల్లో, గుడ్డ ఎత్తి మొహాలు చూసింది కూడా ఆయనే. ఇది నాకు పెద్దమ్మ చెప్పింది, మామ ఎప్పుడూ చెప్పలేదు. నిన్న ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చినా ఇది మాత్రం రాయకుండా ఉండలేను.

పెద్దమ్మ షాపు మూయలేదు. కెమెరా నేర్చుకుంది, తర్వాత కంప్యూటర్ నేర్చుకుంది. పాస్‌పోర్టు ఫోటోకు వయసైన మగమనిషి ఎవరు వచ్చినా ముందు ఆయన చెవులు చూసేది. మొహం మారుతుంది, జుట్టు పోతుంది, చెవి తీరు మాత్రం మారదని ఆమె నమ్మకం. తల కొంచెం పక్కకు తిప్పమనేది, చూసేది, "ఆఁ, సరే, ముందుకు చూడండి" అనేది. వచ్చినాయన ఫోటో కోసమే అనుకునేవాడు.

పెద్దనాయనది మంచి ఫోటో ఒకటే ఉంది. షాపు తెరిచిన రోజుది. కొత్త కెమెరా మెడలో వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తీసింది పెద్దమ్మే, ఆమె తీసిన మొదటి ఫోటో అది, కొంచెం వంకరగా ఉంటుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, షాపులోకి ఈగలు తప్ప ఎవరూ రారు. అప్పుడు ఆ ఫోటోను సిస్టంలో తెరిచేది. సన్నటి బ్రష్ తీసుకుని, చెవి పక్కన కొన్ని వెంట్రుకలు తెల్లగా చేసేది. కంటి కింద ఒక గీత దించేది. మళ్ళీ ఏడాది దాకా ముట్టేది కాదు.

మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా?"

"మీ పెద్దనాయనకు వయసు పెంచుతున్నా."

"ఎందుకు?"

"నేనొక్కదాన్నే ముసల్దాన్ని కావాల్నా?"

ఇద్దరం నవ్వాం. కాసేపయ్యాక, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే అంది. "ఎవరికన్నా చూపియ్యాల్సి వస్తే పాత ఫోటో చూపిస్తే ఏం లాభంరా? ఆ వయసోడు ఇప్పుడు యాడా లేడు. ఇప్పుడున్నోడు ఎట్లుంటాడో అది చూపియ్యాల."

"అయితే కళ్ళజోడు పెడదామా?"

"వాళ్ల ఇంట్లో ఎవరికీ చూపు తగ్గలా."

"కొంచెం బొజ్జ?"

"యాడ ఏం తింటున్నాడో. బొజ్జ యాడిది" అని ఫైలు సేవ్ చేసి మూసేసింది.

షాపు గోడ మీద ఆమె తన ఇంటివాళ్ళతో చేసుకున్న పటం ఒకటి ఉంది. తల్లి, తండ్రి, అత్తగారు, అందరూ పోయినవాళ్ళు, మెత్తటి అంచులతో ఒకరిలో ఒకరు కలిసి ఉంటారు. మధ్యలో పెద్దనాయన ఒక్కడే గీత గీసినట్టు. ఎవరో ఒకాయన "ఈయన్ని సరిగ్గా కలపలేదేమ్మా" అంటే, "ఆయన ఉన్నాడన్నా. ఉన్నోళ్లను కలపను" అంది.

బొట్టు పెట్టుకునేది. మెడలో తాళి ఉండేది. బజారులో నలుగురూ నాలుగు మాటలు అనేవాళ్ళు. ఒకసారి మామ నా ముందే షాపులో కూర్చుని అడిగాడు. "అక్కా, పన్నెండేండ్లు దాటినాక మనిషి రాకపోతే చెయ్యొచ్చని అయ్యవారు చెప్పినాడు. దర్భతో బొమ్మ చేసి కర్మ జరిపిస్తే ఆయనకూ దారి, నీకూ దారి."

"ఆయన పోయింది నువ్వు చూసినావా?"

"చూళ్ళేదు."

"చూడంది నేను పటంలో పెట్టను" అని, "టీ తాగుతావా?" అంది. మామ టీ తాగి పోయాడు. ఆ మాట మళ్ళీ వాళ్ళిద్దరి మధ్య రాలేదు.

రేపు పెద్దమ్మ పెద్దదినం. రాచర్ల దగ్గర మామ వాళ్ళ ఊళ్ళో చేస్తున్నారు. పటం ముందర పెట్టి, తర్వాత ఇంట్లో గోడకు తగిలిస్తారు. ఆ పటం చెయ్యమని నాకు చెప్పారు. మామకు పాత ఫోటోలోని బావ కావాలి, మెత్తటి అంచుతో, దండతో. ఆయన్ని అట్లా పెడితే ఆమె నుదుటి మీద బొట్టు ఉండకూడదని ఇంట్లో ఆడవాళ్ళు అంటున్నారు. అదీ తీసెయ్యమన్నారు.

ఫోటోలో బొట్టు తియ్యడం మాకు కొత్త కాదు. పక్కనున్న చర్మం రంగు తీసుకుని నుదుటి మీద ఒకసారి నొక్కితే పోతుంది. మొగుడు పోయినావిడ ఫోటో వచ్చినప్పుడల్లా చేశాం. పెద్దమ్మ మాత్రం ఆ పని వచ్చిందంటే కుర్చీ నాకిచ్చి లేచి బయటికి పోయేది. టీ కొట్టు దగ్గర నిలబడి, అయిందా అని చేత్తో సైగ చేసేది. అయిందంటేనే లోపలికి వచ్చేది.

ఇప్పుడు అది ఆమె నుదుటికే చెయ్యాలట. ఇన్నేళ్ళు ఆమె ఒప్పుకోనిది, ఆమె లేనప్పుడు, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె మౌసుతో నేను చెయ్యాలి. చెయ్యకపోతే ఇంకో షాపులో ఎవరో నిజంగానే రెండు నిమిషాల్లో చేసిస్తారు. ఆమెకు పిల్లలు లేరు. చెప్పే హక్కు మామది. నాది ఏముంది? పెళ్ళిళ్ళు తీసి, కార్డు ఇచ్చి, ఎటో పోయేవాణ్ణి.

ఇంత చిన్న షాపు ఇప్పుడు ఖాళీగా కనిపిస్తోంది. రెండు కుర్చీలు, వెనక తెరగా ఒక నీలం గుడ్డ, ఒక అద్దం, దువ్వెన. ఇంతకుముందు ఇందులో ఇద్దరం తగలకుండా తిరగడమే కష్టంగా ఉండేది. ఇందాక ఫోటో కత్తిరిస్తూ నాలో నేనే ఏదో మాట్లాడుకుంటుంటే, గమ్మునుండు అంటుందేమో అని ఆగాను. ఎవరూ అనలేదు. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

మామ వస్తున్నట్టున్నాడు. బండి ఆగింది.

ఇక్కడి నుంచి మార్కాపురంలో రాస్తున్నాను. మేము ఎప్పుడూ ప్రింట్లు వేయించే కలర్ ల్యాబ్ ముందు బల్ల ఉంటే కూర్చున్నాను, ఫోన్లోనే రాస్తున్నా. లోపల ఫ్రేము బిగిస్తున్నారు.

మామ పొద్దున షాపులోకి వస్తూనే అన్న మొదటి మాట, "నా చెప్పు తేరా, దొంగనాయాలా. రాత్రి నీ పిల్లచెప్పు ఏసుకుని వాకిలి దాటలేకపోయినా."

చెప్పు ఇచ్చాను. వేసుకున్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు గానీ గొడవ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. ఆయన పెద్దమ్మ కుర్చీ చూసి, అందులో కూర్చోకుండా వెనకాల నిలబడ్డాడు.

"చూపియ్యి" అన్నాడు.

నేను పెద్దనాయన ఫైలు తెరిచాను. పెద్దమ్మ ఏ ఏటి పని ఆ ఏడు వేరే లేయర్ మీద చేసేది. లేయర్ అంటే ఒక అద్దం మీద ఇంకో అద్దం పెట్టినట్టు, కావాలంటే పైవి తీసి కిందవి చూడొచ్చు. అన్నీ తీసేశాను. గుమ్మం దగ్గర, మెడలో కెమెరాతో, వంకరగా, ఆ పాత మనిషి వచ్చాడు.

"అదిగో! ఈయన. ఈయన్ని గదరా నేను పెట్టమంది!"

"ఉండు మామా."

ఒకటి వేశాను. చెవి పక్కన కొంచెం తెలుపు. ఇంకోటి వేశాను. కంటి కింద గీత. ఇంకోటి. బుగ్గ కొంచెం లోపలికి పోయింది. మీసం మధ్యలో నెరిసింది. మెడ మీద చర్మం వదులైంది. ఒక్కొక్కటి వేస్తూ పోయాను. మామ మొదట నా భుజం మీద చెయ్యేసి "ఏందిది, ఏందిది" అన్నాడు, తర్వాత అనడం మానేశాడు. చివరిది వేసేసరికి నిన్న ఎవడో ముసలోడన్న మనిషి తెర మీద ఉన్నాడు.

"ఇవన్నీ అక్క చేసిందా?"

"ఆఁ. ఆషాఢం ఆషాఢానికి."

"నాకెప్పుడూ చూపియ్యలా."

"నువ్వు దర్భ అంటావని."

ఆయన వంగి, తెరకు మొహం ఆనేంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. చివరికి వేలు తెర మీద పెట్టి అన్నాడు.

"ఈ జుట్టేందిరా, ఇంతుంది?"

"అంటే?"

"వాళ్ల నాయనకు చిన్నప్పుడే ముందల గుండు. మా బావకూ మొదలైంది అప్పుడే. దువ్వెనతో ఎనకది ముందుకు తెచ్చి కప్పుకుంటుండె. అక్క కాడ దాస్తుండె, నా కాడ దాచేటోడు కాదు. ఇప్పటికి శుభ్రంగా ఊడిపోయుంటది."

"తీసెయ్యమంటావా?"

"తియ్యి. సరిగ్గా ఉండాల గదా."

నేను బ్రష్ పట్టుకున్నాను. కొత్త లేయర్ తెరిచాను. నా చేత్తో ఆ ఫైలు మీద చేసిన మొదటిది. మామ వెనక నుంచి చెప్తూ ఉన్నాడు. "ఇంకొంచెం పైకి. ఆఁ, ఆ మూల. ఓరే ఓరే, చాలు! మరీ కొండకు పోయొచ్చినట్టు చేయాకు. ఎనకాల ఉంటాది, ఎనకాల ఉండనీ."

అయిపోయాక ఆయన అడుగు వెనక్కి వేసి చూశాడు. "బక్కపడినాడు" అన్నాడు. అంతే.

ఆయన పక్కన, నీలం గుడ్డ ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ ఫోటో పెట్టాను. ఆమె మీద వెలుతురు గుమ్మం వైపు నుంచి పడింది, ఆయన మీద కూడా అదే గుమ్మం నుంచి. ఒకే షాపులో తీసినవి కదా, ఏమీ మార్చాల్సిన పని లేకపోయింది.

"దండ, మామా?"

"అక్కకొక్కదానికే."

"బొట్టు?"

"దాని జోలికి పోవాకు. ఇంట్లో ఆడోళ్లకు నేను చెప్పుకుంటా."

"అంచు?"

మామ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అక్క ఎట్ల చేస్తుండె?"

"ఉన్నోళ్లకు గట్టిగా."

"అట్లనే చెయ్యి మరి."

అట్లా పెద్దనాయన గట్టి అంచుతోనే ఉన్నాడు. కానీ ఇంకో పని మిగిలింది. నిన్నటిదాకా పెద్దనాయన గురించి పోట్లాడుతూ దాని సంగతే మర్చిపోయాను. పెద్దమ్మ అంచు నేను ఇంకా ముట్టుకోలేదు. ఆమె కూడా గీత గీసినట్టే ఉంది. నిన్న మామ అంటించినట్టుందన్నది ఆమెను కూడా.

ఆమెను సెలెక్ట్ చేశాను. అంకె వేశాను. ఎంటర్ కొడితే భుజం పోతుంది, కుర్చీ చేతి మీద ఆనించిన మోచెయ్యి పోతుంది, చీర అంచు నీలంలోకి కలిసిపోతుంది. లేచి బయటికి పోవాలనిపించింది. కానీ ఆ కుర్చీ తీసుకుని, నేను చేస్తాలే పోరా అనడానికి ఎవరూ లేరు. మామకు సిస్టం రాదు. వెనక నిలబడి, తెర వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు.

కొట్టాను.

మొహం మాత్రం స్పష్టంగానే ఉంచాను. బొట్టు ఎర్రగా ఉంది.

మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం మార్కాపురం వచ్చాం. దారిలో మామ "బావకు వంకాయ అంటే ప్రాణంరా" అన్నాడు. ప్రింటు మిషన్ నుంచి వస్తుంటే పక్కనే నిలబడి చూశాడు.

ఫ్రేము అయిపోయింది. ల్యాబ్ అతను అద్దం తుడిచి, పాత పేపరు చుట్టి, పురికొస కట్టి ఇచ్చాడు. ఇప్పుడు బస్టాండుకు వచ్చేశాం. నేను సిమెంటు బెంచీ మీద కూర్చుని ఈ నాలుగు మాటలు పూర్తి చేస్తున్నాను. మామ అక్కడ, బస్సులు వచ్చి ఆగే చోట నిలబడ్డాడు. ఇందాక చూస్తే పురికొస విప్పేశాడు, పేపరు చింపేశాడు. పటాన్ని రెండు చేతులా గుండెల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. అద్దం తన వైపు కాదు, జనం వైపు.

"మామా, ఇటు తిప్పుకో. గీతలు పడతాయి" అని అరిచాను.

"ఉండనీలేరా" అన్నాడు. "జనం దిగుతాండారు గదా."

గుంటూరు వైపు నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. సంచులతో, పిల్లలతో దిగుతున్నవాళ్ళు ఒక్కొక్కరే పటం వైపు చూసి పక్కకు తప్పుకుని పోతున్నారు. దండ చూసి ఒకావిడ చేతులు జోడించింది. మామ ఆమె వైపు పటాన్ని ఇంకొంచెం తిప్పాడు, ఆమె పక్కనున్న ఆయన్ని కూడా చూడమన్నట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపి పోయింది. మామ వెనకాల దిగుతున్న వాళ్ళ వైపు తిరిగాడు.

గిద్దలూరు బస్సు వచ్చింది. పిలుస్తున్నాడు. పోవాలి.